ఎవరిదీ కాని బొమ్మ

1980 జనవరి 17

ఎరువుల అంగడి వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. మా ఆయన తనకు కావాలన్నాడు. నేను లాక్కున్నాను. పెనుకొండలో టెన్త్ దాకా చదివినదానికి రాసుకోవడానికి ఏమీ ఉండదా ఏం?

ఈరోజు రాయదగ్గ సంగతే ఉంది. మండీ చౌకులో బొమ్మ చేసే పని మా ఆయన జిలాన్‌కు వచ్చింది. ఇన్నేళ్ళూ ఈయన గుడి గోపురాల మీద సిమెంటు బొమ్మలు చేశాడు. ఎవరూ తలెత్తి చూడని ఎత్తులో కళ్ళు, ముక్కులు దిద్ది దిద్ది మెడ పట్టేసింది. ఇప్పుడు హిందూపురం నడిబొడ్డున, బెల్లం బండ్లూ బస్సులూ తిరిగే చోట. బంధువులంతా చూడాలి. ముఖ్యంగా మా చిన్నాయన కూతురు చూడాలి.

జనవరి 19

చౌకు గురించి మామ చెబుతుంటే పొద్దు తెలియలేదు. మామ బుడన్‌సాబ్ పీర్లచావడి ముజావరు, పీర్లకు సేవ చేసేది ఆయనే. మొహరానికి చౌకు మధ్య గుండం తవ్వి నిప్పు వేసేది మా ఇంటివాళ్ళే, ఆయన తాతల కాలం నుంచీ.

తెల్లదొరలు గుండం పక్కన దీపస్తంభం పెట్టారట. అది పోయి జెండా కట్ట వచ్చింది. అది పోయి ఫౌంటెన్ వచ్చింది. ఓపెనింగ్ రోజు మాత్రం నీళ్ళు చిమ్మింది, తర్వాత మేకలు పడుకున్నాయి. పక్కన ఏది మారినా గుండం మాత్రం కదల్లేదు. ఇప్పుడు కమిటీ వాళ్ళు వచ్చి, బొమ్మ సరిగ్గా నడిమధ్యన రావాలి, గుండాన్ని కొంచెం తూర్పుకు జరుపుకోండి అని అడిగారు. మామ రెండు రోజులు గుండం చుట్టే తిరిగాడు. చివరికి, పీర్లకు నేలంతా ఒకటే, మనుషులకే గదప్పా గట్లు అన్నాడు.

కమిటీ అంటే మండీ వ్యాపారులే. ప్రెసిడెంటు గంగాధరప్ప. ఎవరి బొమ్మ పెట్టాలని రెండు నెలలు కొట్లాడుకున్నారు. సగం మందికి ఒక నాయకుడు, సగం మందికి ఇంకొకాయన. కుర్చీలు కూడా లేచాయట. ఆఖరికి గంగాధరప్ప, ఎవురిదీ వద్దప్పా, మూట మోసే మనిషిని పెడదాం, హమాలీలన్నా సంతోషపడతారు అన్నాడట. ఎవరిదీ కాని బొమ్మ! అందరూ చప్పట్లు కొట్టారు.

జనవరి 29

బొమ్మకు నమూనా లింగప్ప. మండీలో హమాలీ, రొద్దం మనిషి. మా వాకిట్లో మూట ఎత్తుకొని నిలబడ్డాడు. పొట్టు నింపిన మూట ఇవ్వకూడదా అని నేనే జిలాన్‌ను కోప్పడ్డాను. లింగప్ప ఒప్పుకోలేదు. పొట్టు మూటకు నా మెడ నరం లేయదమ్మా, అది చూడకుంటే నీ మొగుడు ఏం చేస్తాడు అన్నాడు.

అతని భార్య అక్కమ్మ చౌకులో శనక్కాయలు అమ్ముతుంది. గంప మా గడప దగ్గర దించి చూస్తూ నిలబడింది. బతికుండే మనిషికి బొమ్మ చేస్తే ఆయుస్సు దాంట్లోకి పోతాదంట కదా బషీరమ్మా అంది. లింగప్ప మూట కింద నుంచే నవ్వాడు. నా ఆయుస్సు బెల్లం మూటల్లోకి ఎప్పుడో పోయింది, ఇంగేముండాది అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. అక్కమ్మ నవ్వలేదు.

ఫిబ్రవరి 20

పునాది తవ్వారు. సరిగ్గా పాత గుండం ఉన్నచోటే. మనిషి లోతు పోయినా నల్లటి బూడిదే.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. పరిగి నుంచి వచ్చిన ఒక ముసలామె ఆ గుంత చూసి ఆగింది. ఎదురంగడికి పోయి ఉప్పు తెచ్చి, చేయెత్తి మొక్కి అందులో వేసింది. మొహరానికి గుండంలో ఉప్పు వేస్తే పులిపిర్లు, సెగగడ్డలు పోతాయని మావైపు అందరి నమ్మకం. ఆ చోట గుంత కనబడితే చేయి ఊరుకోదు. ఆమె వెనక ఇంకొకామె. ఆ తర్వాత హమాలీలు, బండ్లవాళ్ళు, మా వీధి వీధంతా. లింగప్ప దోసిలి నిండా వేశాడు. నేను రెండు సార్లు వేశాను. మా ఆయన చేతికి పేరు రావాలని మొక్కుకున్నాను.

జిలాన్ ఆపలేదు. మురిసిపోయాడు. గుండానికి ఇచ్చే మర్యాద నా బొమ్మకు ఇచ్చినారు చూడు అన్నాడు. ఆ ఉప్పు మీదే ఇనుప కడ్డీలు దించి కాంక్రీటు పోశారు.

ఫిబ్రవరి 21

చేతి పగుళ్ళలో ఉప్పు చేరింది. పొద్దున్నుంచీ మంట.

ఆగస్టు 15

బొమ్మ మీద గుడ్డ లాగగానే జనం ఒక్కసారిగా, ఒరే లింగప్పా అని అరిచారు. గంగాధరప్ప ఉపన్యాసం ఎవరికీ వినబడలేదు. ఇద్దరు మనుషుల ఎత్తు. మెడ నరం, వంగిన మోకాలు, పంటి బిగువు కూడా వచ్చింది. లింగప్ప చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కమ్మ మాత్రం తలెత్తలేదు, శనక్కాయలు కొలుస్తూనే ఉంది.

నల్లరాతి పలక మీద గంగాధరప్ప పేరు జానెడు అక్షరాల్లో చెక్కించుకున్నాడు. జిలాన్ పేరు లేదు. ఇంటికొచ్చి అరిచాను. పోనీలేవే అంటాడు ఈయన. ఈయనకు అన్నీ పోనీలే.

1983 నవంబర్ 3

డైరీ దులిపితే బొద్దింకలు పడ్డాయి. మూడేళ్ళు దాటింది రాసి. కుట్టుమిషన్ కొన్నాను, కాపురం నడుస్తోంది, రాయడానికేముంది?

ఈసారి వానలకు బొమ్మ దిమ్మె మీద తెల్లగా పూసింది. సున్నం ఊరుతోందేమో అన్నారు. జిలాన్ పోయి వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

అది ఉప్పు.

నవంబర్ 4

జిలాన్ చెప్పింది ఇది. సిమెంటులో ఉన్న ఇనుముకు మామూలుగా ఏమీ కాదు. ఉప్పు తగిలితే మాత్రం లోపల్లోపలే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. ఎన్నేళ్ళ గుండం ఉప్పు, దాని మీద ఆరోజు ఊరంతా వేసింది. నేలలోని చెమ్మతో పైకి పాకుతోంది. నాకెందుకు తోచలేదో అని తల కొట్టుకున్నాడు. ఎవరికి తోచింది? మొక్కుకుంటూ ఎవరైనా సిమెంటు గురించి ఆలోచిస్తారా?

1984 ఏప్రిల్ 10

బొమ్మ చీలమండల నుంచి ఎర్రగా కారింది. వానే లేదు. పిల్లలు నెత్తురు అంటున్నారు. తుప్పురా అని చెప్పాను. నెత్తురే బాగుందనుకున్నారు, పరిగెత్తుకుంటూ పోయి ఇంకో పదిమందిని పిలుచుకొచ్చారు.

లింగప్ప మధ్యాహ్నం పూట దాని నీడలోనే కూర్చుంటాడు. కొత్తవాళ్ళు వస్తే, ఇది నేనేనప్పా అని చూపిస్తాడు. ఈ మధ్య తనకు గూడా చీలమండ నొప్పి పుడతాండాదని చెప్పాడు. యాభై దాటినా మూటలు మోస్తే నొప్పి పుట్టక ఏమవుతుంది? అయినా ఆ మాట విన్నప్పటి నుంచీ మనసు బాగాలేదు.

జూన్ 18

జిలాన్ చిన్న సుత్తితో బొమ్మ మోకాలి మీద తట్టాడు. డొల్ల శబ్దం. పిక్క మీద నిలువునా పగులు. పటాలు కట్టే అంగడి నుంచి గాజుముక్క తెచ్చి పగులుకు అడ్డంగా అతికించాడు. పగులు కదిలితే గాజు విరుగుతుంది, అదీ లెక్క.

జూన్ 27

విరిగింది.

జూలై 2

జిలాన్ గంగాధరప్ప దగ్గరికి పోయి, బొమ్మను దించేద్దాం, పైసా తీసుకోకుండా ఇంకొకటి చేసిస్తాను అన్నాడు. ఆయన కాఫీ ఇచ్చి మర్యాదగానే మాట్లాడాడట. తుప్పు పడితే పెయింటు కొడతారు గానీ ఇల్లు కూలగొడతారా జిలానూ, నాలుగేండ్లకే బొమ్మ కూల్చినామంటే కమిటీ పరువేం కావాల, దీపావళి పోనీ చూద్దాం అన్నాడట.

ఆ పలక మీద జానెడు అక్షరాలు లేకుంటే ఈపాటికి ఒప్పుకునేవాడు. నాకు తెలుసు.

జూలై 15

బొమ్మకు వెండిరంగు వేయించారు. పగుళ్ళు కనబడటం లేదు. ఎండలో చూస్తే కళ్ళు జిగేలుమంటున్నాయి. లింగప్ప పెండ్లికొడుకులా ఉన్నాడని అందరూ అతన్ని ఆటపట్టిస్తున్నారు.

ఆగస్టు 28

బొమ్మ నెత్తి మీది మూటలోంచి టెంకాయంత సిమెంటు పెళ్ళ ఊడి రెండు బండ్ల మధ్య పడింది. ఎద్దు బెదిరింది, అంతే. మనిషి మీద పడి ఉంటే?

నేనూ జిలానూ అంగడి అంగడికీ తిరిగి చెప్పాం. కడ్డీలు పోయాయి, బొమ్మ పడుతుంది, కింద ఉండొద్దండి అని. టీ అంగడి అంజనప్ప, ఎప్పుడు పడతాదో చెప్పప్పా, ఆ పొద్దు మూసుకుంటా అన్నాడు. అందరూ నవ్వారు. లింగప్ప కూడా. నా బొమ్మ నా మీద పడతాదా అన్నాడు.

అక్టోబర్ మొదట్లో మొహరం. కొత్త గుండం బొమ్మకు పది అడుగుల్లోనే. నిప్పు చూడటానికి ఊరంతా వచ్చి నిలబడేది ఆ బొమ్మ కిందే.

సెప్టెంబర్ 5

ధర్మవరంలో గోపురం పని ఒప్పుకున్నాడు కాబట్టి జిలాన్ పోక తప్పలేదు. రైలెక్కేటప్పుడు ఒకటే మాట. చౌకు మీద కన్నేసి ఉండు అన్నాడు. కన్నేస్తే ఆగుతుందా?

సెప్టెంబర్ 9

ఈరోజు ఒక పని చేశాను. రాయడానికి సిగ్గేం లేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నప్పుడు, కొంగు నెత్తి మీద కప్పుకొని చెప్పాను. పీరు కల్లోకొచ్చినాడు. ఆ బొమ్మ మీద కోపంగా ఉండాడు. దాని కింద ఎవురూ నిలబడొద్దన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. బిందెలు నిండి పొంగుతున్నా ఎవరూ తీయలేదు.

సెప్టెంబర్ 12

చౌకు ఖాళీ! అంజనప్ప టీ అంగడిని తనంతట తానే రోడ్డు అవతలికి జరుపుకున్నాడు. బండ్లు చుట్టు తిరిగి పోతున్నాయి. రెండు నెలలు జిలాన్ నిజం చెబితే కదలని ఊరు నా ఒక్క అబద్ధానికి కదిలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మామ మాత్రం నా చేతులు పట్టుకొని ఏడ్చాడు. అరవై ఏండ్లు సేవ చేసినా నాకు కనపడలేదు, నా కోడలికి కనపడినాడు అన్నాడు. ఆ ఒక్కటే గుచ్చుకుంది. ఆయనకు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు.

సెప్టెంబర్ 16

జిలాన్ ఆదివారమని వచ్చాడు. విని మొదట నవ్వాడు. తర్వాత నవ్వు మానేశాడు. అబద్ధం సిమెంటులాంటిదే బషీరా, కలిపినప్పుడు మన మాట వింటుంది, గట్టిపడినాక వినదు అన్నాడు. పెద్ద చెప్పొచ్చావులే అని గిన్నెలు తోముకున్నాను.

సెప్టెంబర్ 17

పీరుకు కోపం ఎందుకు అని అడుగుతున్నారు. నేను చెప్పలేదు. వాళ్ళే కనిపెట్టారు. బతికున్న మనిషికి బొమ్మ చేశారు కదా, ఇద్దరిలో ఒకరే ఉండాలంట.

నేను ఆ మాట అనలేదు. ఎన్నడూ అనలేదు. నిప్పు లేందే పొగ రాదు అని అంజనప్ప నాకే చెబుతున్నాడు.

సెప్టెంబర్ 20

మండీలో లింగప్పను పనికి పిలవడం లేదు. అతని నీడ పడితే సరుకు చెడుతుందని గంగాధరప్ప గుమాస్తా అన్నాడట. ముప్పై ఏళ్ళు ఆ నీడలోనే వాళ్ళ సరుకు ఎక్కిందీ దిగిందీ. తోటి హమాలీలు కూడా బీడీ నిప్పు ఇవ్వలేదట.

సెప్టెంబర్ 22

అక్కమ్మ వచ్చింది. గడప లోపలికి రమ్మన్నా రాలేదు. మనిషి కూడు ముట్టడం లేదు బషీరమ్మా, నాలుగు పొద్దులాయె, నీ కల్లోకే గదా వచ్చింది, ఏం కావాల్నో అడుగు తల్లీ, కోడా పొట్టేలా, ఏదైనా ఇస్తా అంది.

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని నిజం చెప్పాను. కల లేదక్కా, పీరు రాలేదు, అది ఉప్పు, తుప్పు, మిమ్మల్ని దాని కింద నుంచి లేపడానికి నేనే అల్లి చెప్పాను అన్నాను. అల్లా మీద ఒట్టేశాను. ఆమె నా తల నిమిరింది. మమ్మల్ని ఓదార్చేదానికి చెప్తాండావు, నాకు తెలుసులే అని వెళ్ళిపోయింది.

నా అబద్ధం ఒకసారి చెబితే నమ్మారు. నా నిజం ఒట్టేసినా నమ్మలేదు.

సెప్టెంబర్ 23

పొద్దున్నే లింగప్పతో మాట్లాడదామని పోయాను. లేడు. మొదటి బస్సుకే రొద్దం పోయాడట. నేను ఈడ లేకుంటే దాని కోపం సల్లారతాదేమో, పీర్ల పండగ పోయినాంక వస్తా అన్నాడట. పోనీలే, ఊరు మారితే మనసు కుదుటపడుతుంది, నాలుగు మెతుకులైనా తింటాడు అనుకున్నాను. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సెప్టెంబర్ 27

మొహరం మొదలైంది, పీర్లను ఎత్తి నిలబెట్టారు. మామ చావడిలోనే ఉన్నాడు.

రొద్దం నుంచి కబురు వచ్చింది. లింగప్ప శనక్కాయల మిల్లు దగ్గర కూలికి పోయి, లారీ పలక మీద మూటతో ఎక్కుతూ తూలి పడ్డాడట. మూట మెడ మీద పడింది. ఆస్పత్రికి తీసుకుపోయే లోపే.

లింగప్ప కాలు తప్పే మనిషి కాదు. ఆకలితో ఉన్నాడు.

నేను చంపాను.

సెప్టెంబర్ 28

జిలాన్‌కు టెలిగ్రాం ఇచ్చాను.

సెప్టెంబర్ 30

మండీలో అందరి ముందూ నిలబడి చెప్పాను. అంతా నా కల్పన, నన్ను కొట్టండి, తిట్టండి, కానీ ఆ బొమ్మ కిందకు పోకండి అన్నాను. ఎవరూ తిట్టలేదు. ఒకామె నీళ్ళిచ్చింది. పీరు మోసిన ఒళ్ళు గదా, తట్టుకోల్యాకుండా ఉండాది అని గుసగుసలాడుకున్నారు. మామ వచ్చి నన్ను ఇంటికి నడిపించుకొచ్చాడు. ఆయనకు కూడా చెప్పాను. ఆయనా నమ్మలేదు.

అక్టోబర్ 2

అంజనప్ప టీ అంగడి మళ్ళీ బొమ్మ కిందకు వచ్చింది. బండ్లూ వచ్చాయి. దానికి కావల్సింది అది తీసుకునింది, ఇంగ ఎవురినీ ఏమనదు అంటున్నారు. మనుషుల ముఖాల్లో భయం పోయింది. పండగ కళ వచ్చింది.

ఆ కళ చూడలేక తలుపు వేసుకున్నాను.

అక్టోబర్ 4

జిలాన్ తాళ్ళు, గునపాలు, ధర్మవరం నుంచి నలుగురు మనుషులను తీసుకొని వచ్చాడు. కమిటీ లేదు గిమిటీ లేదు, దించేస్తాను, జైల్లో వేస్తే వేసుకోనీ అన్నాడు. పెళ్ళయ్యాక ఈయన నోట పోనీలే కాని మాట వినడం ఇదే మొదలు.

హమాలీలు చుట్టూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. రెండు వారాల కిందట బీడీ నిప్పు ఇవ్వని వాళ్ళే. ఇది మా లింగప్పది, చెయ్యి వేస్తే ఊరుకోం అన్నారు. గంగాధరప్ప పూలదండ పంపించాడు.

నేను అక్కమ్మను వెతికాను. ఆమె చెబితే వింటారని. ఆమె అక్కడే ఉంది. నాలుగేళ్ళుగా తలెత్తి చూడని మనిషి దిమ్మెను రెండు చేతులా కరుచుకొని పైకే చూస్తోంది. ఫోటో గూడా తీపిచ్చుకోలేదు మేము, ఆ మొగం ఇంగెక్కడా లేదు జిలానప్పా, దీన్ని గూడా తీసకపోతావా అంది.

జిలాన్ తాడు కింద పెట్టేశాడు.

అక్టోబర్ 5, సాయంత్రం

గుండంలో కట్టెలు పేర్చారు. చౌకు నిండింది. పరిగి, నల్లమాడ జనం కూడా వచ్చారు. తొక్కిసలాటలో నలగకుండా, ఎత్తు మీద బాగా కనబడుతుందని పసిపిల్లలను బొమ్మ దిమ్మె మీద వరసగా కూర్చోబెడుతున్నారు. అక్కమ్మ వాళ్ళకు శనక్కాయలు పంచుతోంది.

మైకులో నా పేరు పిలుస్తున్నారు. కలగన్న బషీరమ్మ వచ్చి లింగప్పకు మొదటి దండ వేయాలంట.

పోతున్నాను. దండ వేస్తానని చెప్పి ఎక్కి, ఒక్కొక్క బిడ్డనూ చంకనేసుకొని దింపుతాను. జిలాన్ కింద అందుకుంటాడు. తల్లులు మళ్ళీ ఎక్కిస్తారు. మళ్ళీ దింపుతాను.